నాటినోళ్ల లెక్క ఉంది, కాపలా కాసినోళ్ల లెక్క లేదు

పోయిన సంవత్సరం బెంగళూరులో ఒక కాలేజీ పెట్టిన మోడల్ యునైటెడ్ నేషన్స్‌కి మా బ్యాచ్ నుంచి నలుగురం వెళ్లాం. నాకు వచ్చిన దేశం ఫిన్లాండ్. టాపిక్ ఏంటంటే, యూరప్ దేశాలన్నీ కలిసి అడవుల్ని ఎట్లా కాపాడుకోవాలి, దానికి డబ్బు ఎవరు పెట్టాలి అని. అరువు తెచ్చుకున్న కోటు వేసుకుని రెండు రోజులు ఇంగ్లీషులో దంచేశాను. ఫిన్లాండ్ నేలలో దాదాపు నాలుగింట మూడొంతులు అడవే అనీ, అందులో సగం పైన మామూలు కుటుంబాల సొంత ఆస్తి అనీ, మా అడవుల సంగతి బ్రస్సెల్స్ మాకు చెప్పక్కర్లేదనీ బల్ల గుద్ది చెప్పాను. 'స్పెషల్ మెన్షన్' అని ఒక సర్టిఫికెట్ కూడా ఇచ్చారు.

దసరా సెలవులకి ఊరికి పోతే అవ్వ అడిగింది, "ఏం గెలిచినావంట్రా?" అని. మా ఊరు ధర్మవరం అవతల. చెప్పడానికి నోరు తెరిచాను, మాట రాలేదు. సస్టైనబుల్ ఫారెస్ట్ మేనేజ్‌మెంట్‌ని తెలుగులో ఏమంటారు? 'సుస్థిర' అన్నాను. "అదేందది?" అంది. అడవిని వాడుకోవాల గానీ, మన తర్వాతోళ్లకి కూడా మిగిలేటట్టు వాడుకోవాల అని ఎట్లనో చెప్పాను. అవ్వ కాసేపు ఆలోచించి, "ఇత్తనం కాయలు తినకుండా పక్కన పెట్టుకుంటాం గదా, అట్లనా?" అంది. అట్లనే అన్నాను. "దానికి అన్ని దేశాలోళ్లు కూసోని మాట్లాడల్నా?" అని నవ్వింది.

కరువు ఏడాది ఇంట్లో తినడానికి లేకపోయినా విత్తనం చెనక్కాయల మూట ముట్టుకోని ఇల్లు అది. ఆ ఇంట్లో పుట్టి, ఫిన్లాండ్ తరఫున మాట్లాడి వచ్చాను నేను. ఫిన్లాండ్ చూడలేదు, సరే. మా ఊరి వెనక గుట్ట ఎక్కి కూడా ఆరేళ్లయింది. ఈ వ్యాసం ఆ సిగ్గుతోనే మొదలుపెట్టాను. రాస్తూ పోతే ఇంకో సిగ్గు కూడా బయటపడింది. ముందు అది చెప్తాను.

ఫస్టియర్‌లో ఉన్నప్పుడు, జులైలో, ఒక సంస్థ వాళ్లు గుట్ట మీద మొక్కలు నాటే కార్యక్రమం పెట్టారు. మేమంతా వెళ్లాం. ఒక్క పూటలో 600 మొక్కలు. నాకు కోడింగ్ వచ్చు కాబట్టి యాప్ బాధ్యత నాకిచ్చారు. ప్రతి మొక్కకీ ఒక నంబరు, జాతి పేరు, లాటిట్యూడ్, లాంగిట్యూడ్, నాటిన తేదీ, నాటినవాళ్ల పేరు, ఫోటో. మొత్తం ఏడు కాలమ్‌లు. మ్యాప్ తెరిస్తే గుట్ట నిండా పచ్చచుక్కలు. స్టేజీ మీద ఆ మ్యాప్ వేసి చూపిస్తే అందరూ చప్పట్లు కొట్టారు. నేను దాన్ని రెజ్యూమేలో కూడా పెట్టుకున్నాను.

తర్వాత మే నెలలో ఇంకో ప్రాజెక్టు కోసం ఫోన్ల జీపీఎస్ ఎంత కరెక్టుగా చూపిస్తుందో టెస్ట్ చేయాల్సి వచ్చింది. లొకేషన్లు రెడీగా ఉన్నాయి కదా అని ఆ గుట్టకే వెళ్లాం, నేనూ నా ఫ్రెండూ. మొదటి 50 నంబర్లు వెతికాం. నాలుగు బతికున్నాయి. మూడు కానుగ, ఒకటి వేప. మిగతా చోట్ల ఎండిన పుల్ల, లేదా ఖాళీ గుంత. కొన్ని చోట్ల గుంత కూడా పూడిపోయింది. యాప్ తెరిస్తే మాత్రం 600 పచ్చచుక్కలు అట్లాగే ఉన్నాయి. ఇప్పటికీ ఉన్నాయి.

ఆ టేబుల్ డిజైన్ చేసింది నేనే. 'బతికుందా' అని ఒక కాలమ్ పెట్టలేదు. పెట్టమని ఎవరూ అడగలేదు, నాకూ తట్టలేదు. నీళ్లు ఎవరు పోస్తారు, మేకలు రాకుండా ఎవరు చూస్తారు అనేదానికి కాలమే లేకపోతే దానికి మనిషిని పెట్టాలనీ, జీతం ఇవ్వాలనీ ఎవరికి గుర్తొస్తుంది?

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మన దేశంలో అడవి కోసం డబ్బు లేక కాదు, ఆ డబ్బు లెక్కపెట్టే పద్ధతిలోనే తప్పుంది. నాటడాన్ని లెక్కపెడతాం, కాపాడడాన్ని లెక్కపెట్టం. ఎత్తయిన చెట్లని లెక్కపెడతాం, మన గుట్టల మీది గడ్డినీ పొదల్నీ లెక్కపెట్టం. పైగా ఒకే కొండని నాలుగు ఆఫీసులు నాలుగు పుస్తకాల్లో రాసుకుంటాయి. ఆ పుస్తకాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు.

యూరప్ సంగతి కొంచెం చెప్తాను, ఎందుకంటే రెండు రోజుల కోసమైనా చదివాను కదా. అక్కడ కూడా ఇది తేలిగ్గా ఏం జరగలేదు. యూరోపియన్ యూనియన్ ఒప్పందాల్లో వ్యవసాయానికి ఉమ్మడి పాలసీ ఉంది గానీ, అడవికి అట్లాంటి ప్రత్యేక అధికారం లేదు. అందుకే అడవికి వెళ్లే డబ్బు చాలావరకు గ్రామీణాభివృద్ధి నిధి నుంచి, అంటే వ్యవసాయం పద్దులోంచి వెళ్తుంది. 1990లో స్ట్రాస్‌బర్గ్‌లో యూరప్ దేశాల మంత్రులు అడవుల కోసం మొదటిసారి కూర్చున్నారు. 1993లో హెల్సింకిలో, మా అవ్వ విత్తనం కాయలతో చెప్పిన మాటనే పెద్ద పేరాగా రాసుకున్నారు. 2011లో ఓస్లోలో, అందరినీ చట్టపరంగా కట్టిపడేసే ఒప్పందం చేసుకుందామని చర్చలు మొదలుపెట్టారు. అది కుదరలేదు.

కుదిరింది ఇంకోటి ఉంది. 1998లో లిస్బన్‌లో ఆరు కొలమానాలు ఒప్పుకున్నారు. అడవి ఆరోగ్యంగా ఉందా లేదా అని ఏ దేశమైనా అవే కొలతలతో చెప్పాలి. ఆ కొలతల్లో నన్ను ఆశ్చర్యపరిచింది ఎండిన కట్టె. అడవిలో పడిపోయి కుళ్లుతున్న మానులు ఎన్ని ఉన్నాయో కూడా వాళ్లు కొలుస్తారు, ఎందుకంటే పురుగులకీ పక్షులకీ అదే ఇల్లు. వాళ్ల లెక్కలో చచ్చిన చెట్టుకి కూడా చోటుంది. మన గుట్ట మీద బతికున్న గడ్డికి లేదు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. అడవులు ముందు రాష్ట్రాల జాబితాలో ఉండేవి. 1976లో 42వ రాజ్యాంగ సవరణతో ఉమ్మడి జాబితాలోకి వచ్చాయి. అంటే ఢిల్లీకీ అమరావతికీ ఇద్దరికీ బాధ్యత. 1988 జాతీయ అటవీ విధానం దేశంలో మూడో వంతు నేల అడవి, చెట్ల కింద ఉండాలంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర వాన పడే మన అనంతపురానికీ, నల్లమలకీ ఒకే మాట.

ఒకే అడవి ఇద్దరి చేతిలో ఉంటే ఏమవుతుందో ప్రపంచానికి చూపించింది మన జిల్లానే. ఓబుళాపురం పేరు వినే ఉంటారు. డి.హీరేహాళ్ మండలం, బళ్లారి రిజర్వ్ ఫారెస్ట్ అంచు. ఇనుప ఖనిజం తవ్వకాల్లో అక్కడ ఆంధ్ర-కర్ణాటక సరిహద్దు గుర్తులే చెరిగిపోయాయన్న గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. చివరికి సర్వే ఆఫ్ ఇండియా వాళ్లు వచ్చి గీత ఎక్కడో తేల్చాల్సి వచ్చింది. కోర్టుల్లో అది గనుల కేసు. నాకు మాత్రం దాంట్లో ఇంకోటి కూడా కనిపిస్తుంది. రెండు రాష్ట్రాల దగ్గరా ఒకే మ్యాప్ ఉండి, ఏటా ఒకసారి ఇద్దరూ కలిసి ఆ కొండ చుట్టూ తిరిగి వచ్చి ఉంటే, గీత చెరిపేయడం అంత సులువయ్యేదా? పెన్నా, చిత్రావతి రెండూ కర్ణాటక కొండల్లో పుట్టి మన దగ్గరికి వస్తాయి. నీళ్ల వాటా గురించి జరిగినన్ని మాటలు ఆ నీళ్లు పుట్టే కొండల గురించి జరగడం నేను చూడలేదు.

ఇక డబ్బు. గని కోసమో రోడ్డు కోసమో అడవి భూమి తీసుకుంటే, తీసుకున్నవాళ్లు దానికి బదులుగా వేరేచోట అడవి పెంచడానికి డబ్బు కట్టాలి. అదే కాంపా నిధి. దీనికి 2016లో చట్టం చేశారు. 90 శాతం రాష్ట్రాలకి, 10 శాతం కేంద్రానికి. ఏళ్ల తరబడి పేరుకుపోయిన ఆ డబ్బులో 47 వేల కోట్ల రూపాయల పైన 2019 ఆగస్టులో రాష్ట్రాలకి బదిలీ చేశారు. చిన్న మొత్తమేం కాదు. కానీ చట్టానికి ముందు ఏం జరిగిందో 2013లో కాగ్ ఒక రిపోర్టు ఇచ్చింది. 2006 నుంచి 2012 వరకు, పోయిన అడవికి బదులుగా దేశం మొత్తం మీద లక్షా 3 వేల హెక్టార్ల భూమి రావాలి. వచ్చింది 28 వేల హెక్టార్లు, అంటే 27 శాతం. మొక్కలు నాటింది రావాల్సినదాంట్లో 7 శాతం మేర. ఇదంతా నాటిన లెక్క మాత్రమే. అందులో ఎన్ని బతికాయన్నది ఇంకో ప్రశ్న. నా 600 చుక్కలు గుర్తొచ్చాయి.

రెండోది ఇంకా పెద్దది. ఆర్థిక సంఘం. కేంద్రం వసూలు చేసే పన్నుల్లో రాష్ట్రాలకి ఎంత, ఏ రాష్ట్రానికి ఎంత అని తేల్చేది అదే. 14వ ఆర్థిక సంఘం మొదటిసారి ఆ ఫార్ములాలో అడవికి 7.5 శాతం వెయిటేజీ ఇచ్చింది. 15వ ఆర్థిక సంఘం దాన్ని 10 శాతం చేసింది. అడవిని ఉంచుకున్న రాష్ట్రానికి ఉంచుకున్నందుకు డబ్బు అన్నమాట. యూరప్ వాళ్లు కూడా అసూయపడే ఐడియా ఇది. నేను ఫిన్లాండ్ సీట్లో కూర్చున్నప్పుడు ఇది తెలిసుంటే చెప్పేవాణ్ని.

కానీ లోపల కండిషన్ చూడండి. 15వ సంఘం 2021 నుంచి 2026 వరకు ఇచ్చిన ఫార్ములాలో 'అడవి' అంటే దట్టమైన అడవి. ఫారెస్ట్ సర్వే లెక్కలో దట్టం, మధ్యస్థ దట్టం అనేవి రెండు తరగతులు. అంటే ఆకాశం నుంచి చూస్తే కనీసం 40 శాతం నేలని కొమ్మలు కప్పేయాలి. 10 నుంచి 40 మధ్య ఉంటే పలుచని అడవి. 10 లోపు ఉంటే అది పొద, అడవి కిందకే రాదు. మనకి అర్థమయ్యే భాషలో చెప్పాలంటే, ఇఫ్ కండిషన్‌లో ఒక అంకె పెట్టారు, మన జిల్లా గుట్టలు చాలావరకు ఎల్స్‌లోకి వెళ్లిపోయాయి. ఈ వానకి ఇక్కడ పుట్టేది గడ్డి, బందారు, ఈత, తుమ్మ. అది చెడిపోయిన అడవి కాదు. ఈ నేలకి తగ్గ అడవే అది.

అట్లాంటి అడవిని చూద్దామని పోయిన డిసెంబర్‌లో మా మామ బండి మీద కల్పవల్లికి వెళ్లాను. చెన్నేకొత్తపల్లి దాటి, ముష్టికోవెల వైపు. అప్పటి అనంతపురం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. 1990లో సి.కె. గంగూలీ, మేరీ వట్టమట్టం, వాళ్ల మిత్రులు చెన్నేకొత్తపల్లి దగ్గర 32 ఎకరాల బీడు తీసుకుని టింబక్టు కలెక్టివ్ మొదలుపెట్టారు. తర్వాత రెండేళ్లకి చుట్టుపక్కల ఊళ్లవాళ్లతో కలిసి ఈ గుట్టల మీద పడ్డారు. ఇప్పుడది ఏడు వేల ఎకరాల పైచిలుకు.

అక్కడ చేసిన పని వింటే పెద్దగా ఏమీ అనిపించదు. ఊరి మనుషుల్ని కాపలా పెట్టారు. ఎండాకాలం నిప్పు పాకకుండా గడ్డి చెక్కి బాటలు తీశారు. గొడ్డలి పడకుండా ఊళ్లో కట్టుబాటు పెట్టుకున్నారు. కొన్ని విత్తనాలు చల్లారు. మిగతాది వానకి వదిలేశారు. ముప్పై ఏళ్లలో గడ్డి లేచింది, ఈత చెట్లు లేచాయి, తోడేళ్లు తిరుగుతున్నాయి. గొర్రెలకీ ఆవులకీ మేత, ఇళ్ల కప్పులకి బోద గడ్డి, చాపలకీ పరకలకీ ఈతాకు. గుట్ట మీద పడ్డ వాన మెల్లగా కింద చెరువుకి దిగుతుంది. నేను వెళ్లినప్పుడు గడ్డి నా మోకాళ్లు దాటి ఉంది. గొర్రెలు తోలుకుపోతున్న ఒకాయన్ని, "ఇక్కడ ఎన్ని మొక్కలు నాటినారు తాతా?" అని అడిగాను. "నాటేదేముంది నాయనా, నిప్పు పడకుండా సూసుకుంటే అదే లేస్తాది" అన్నాడు. నా ఏడు కాలమ్‌ల టేబుల్‌లో ఆయన సమాధానం ఎక్కించడానికి ఒక్క గడీ కూడా లేదు.

అయితే రెవెన్యూ రికార్డులో ఆ భూమి పేరు బంజరు. ఆ ఒక్క మాట వల్ల ఏమైందో కూడా చెప్పాలి. 2010 తర్వాత ఆ గుట్టల మీదికి గాలిమరలు వచ్చాయి. మనుషుల చేతిలో పెరిగిన అడవి అని ఊళ్లవాళ్లన్నారు. కాగితంలో బంజరే కదా అన్నారు అవతలివాళ్లు. గాలి విద్యుత్తుకి 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం ముందస్తు పర్యావరణ అనుమతి అక్కర్లేదు కూడా. గాలిమరల రెక్కలు మోసే పొడవాటి లారీల కోసం కొండ వాలుల్లో వెడల్పు రోడ్లు తవ్వారు. మేత పోయింది, వాగులు పూడిపోయాయి అంటూ ఊళ్లవాళ్లూ సంస్థలూ కలిసి వేసిన కేసు హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది.

ఇక్కడ మీలో కొందరు అనుకుంటారు, గాలిమర కూడా పచ్చదనమే కదా, నువ్వు టైప్ చేస్తున్న ల్యాప్‌టాప్‌కి కరెంటు యాడ నుంచి వస్తుంది అని. నిజమే. మన జిల్లాకి ఎండా గాలీ తప్ప వేరే ఆస్తి లేదు. గాలిమరలు వద్దనే హక్కు నాకు లేదు, నేను అనట్లేదు కూడా. కానీ ఆ రోడ్డు కొంచెం పక్కకి జరపొచ్చా, వాగు మీద పడకుండా తిప్పొచ్చా అనే మాట అడగాలంటే ముందు అక్కడ ఏదో ఉందని కాగితం ఒప్పుకోవాలి. కాగితంలో ఖాళీ అని ఉన్నచోట ఎవరూ అడగరు.

ఇంకో అభ్యంతరం మా మామ దగ్గర్నుంచే వచ్చింది. "ఊరి కమిటీ చేతికి డబ్బిస్తే తినేస్తార్రా" అన్నాడు. ఆయన ఊరికే అనలేదు. ఆంధ్రలో 1992 నుంచి వన సంరక్షణ సమితులు ఉన్నాయి. 1994లో ఒకసారి, 2002లో ఇంకోసారి ప్రపంచ బ్యాంకు అప్పుతో పెద్ద ప్రాజెక్టులు వచ్చాయి. ప్రాజెక్టు ఉన్నన్నాళ్లు సమితి ఉండేది, మీటింగులుండేవి. డబ్బు ఆగిపోయాక చాలాచోట్ల రంగు పోయిన బోర్డు మిగిలింది. నాకైతే అందులో తినేసినవాళ్ల తప్పు కన్నా, ఐదారేళ్ల డబ్బుతో యాభై ఏళ్ల పని చేయించాలనుకోవడమే పెద్ద తప్పుగా కనిపిస్తోంది. లెక్క అడిగే పద్ధతి మనకి కొత్తేం కాదు. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మన నార్పల మండలం బండ్లపల్లిలోనే. ఊరి జనం ముందు మస్టర్లు చదివి లెక్క తేల్చే సోషల్ ఆడిట్ దేశానికి నేర్పిన రాష్ట్రాల్లో మనదే ముందు. అదే పథకంలో రైతు పొలంలో పండ్ల మొక్కలు పెడితే మొదటి కొన్నేళ్లు నీళ్లు పోసే కూలి కూడా ఇచ్చారు. ఆ కూలి ఉన్నందుకే మా చిన్నాయన మామిడి బతికింది. పొలంలో చెట్టుకి ఉన్న ఆ రూలు గుట్ట మీద చెట్టుకి ఎందుకు ఉండకూడదు?

అందుకే నేను అడిగేవి మూడే.

ఒకటి, అడవి పేరుతో ఇచ్చే డబ్బు నాటిన రోజే మొత్తం ఇచ్చేయకూడదు. మొదటి ఏడాది కొంత, మూడో ఏడాది కొంత, ఐదో ఏడాది కొంత, బతికినదాన్ని బట్టి ఇవ్వాలి. అందులో ఎక్కువ భాగం కాపలా మనిషి జీతంగా పోవాలి. నాటకుండానే నిలబెట్టిన గుట్టకి కూడా ఆ జీతం రావాలి.

రెండు, ఏ ఆర్థిక సంఘమైనా, ఏ పథకమైనా అడవిని కొమ్మల దట్టంతో మాత్రమే కొలవకూడదు. 550 మిల్లీమీటర్ల వాన పడే చోట ఏం పెరగాలో దాన్నిబట్టి కొలవాలి. ఊళ్లు కాపాడుకుంటున్న గుట్టలకి రెవెన్యూ పుస్తకంలో బంజరు అన్న పేరు మార్చాలి.

మూడు, ఒక కొండకి ఒక బల్ల ఉండాలి. అటవీ, రెవెన్యూ, పంచాయతీరాజ్, ఇంధన శాఖలూ, కింది ఊళ్ల గ్రామసభలూ ఏడాదికోసారి ఒకే మ్యాప్ ముందు కూర్చోవాలి. కొండ రెండు రాష్ట్రాల్లో ఉంటే రెండు రాష్ట్రాలవాళ్లూ రావాలి. ఇన్ని దేశాలు ఇన్ని భాషల మధ్య ఆరు కొలతలు ఒప్పుకోగలిగినప్పుడు, హిందూపురం వాళ్లూ గౌరీబిదనూరు వాళ్లూ ఒప్పుకోలేరా? ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి వచ్చు కూడా.

ఇవన్నీ చేయాల్సింది పెద్దవాళ్లు. మనం చేయగలిగింది కూడా ఒకటుంది. నా యాప్‌కి పోయిన వారం రెండు కాలమ్‌లు కలిపాను. 'చివరిసారి చూసిన తేదీ', 'బతికుందా'. మొత్తం 600 నంబర్లకీ ప్రస్తుతానికి రెండూ ఖాళీ, నేను తిరిగిన ఆ 50 తప్ప. అందులో 46 చుక్కలు ఎర్రగా మారాయి. మ్యాప్ చూడ్డానికి ముందున్నంత బాగా లేదు. మా ఫ్రెండ్ ఒకడు, "రెజ్యూమేలో ఏ స్క్రీన్‌షాట్ పెడతావురా?" అని అడిగాడు. కొత్తదే పెడతానన్నాను.

మిగతా 550 ఇంకా చూడాలి. మిడ్ ఎగ్జామ్స్ అయిపోయిన మర్నాటి ఆదివారం, ఎండెక్కకముందే, ఆరింటికి కాలేజీ గేటు దగ్గర ఉంటాను. ఫోన్ ఫుల్ ఛార్జింగ్, ఒక వాటర్ బాటిల్ చాలు. ఇంకో బాటిల్ ఎక్కువ తెచ్చుకుంటే ఆ నాలుగు మొక్కలకి పోద్దాం.